మేస్త్రీ పుస్తకం ఫోనులోకి ఎక్కితే: నిర్మాణ సైటు యాప్‌ల లోపలి లెక్క

ఉదయం ఎనిమిది దాటి పది నిమిషాలు. మధురవాడలో కొండవాలున కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ సైటు. గేటు దగ్గర పద్నాలుగు మంది కూలీలు వరుసగా నిలబడ్డారు. సూపర్‌వైజర్ ఫోను ఎత్తి పట్టుకుని ఒక్కొక్కరి ముఖం ఫొటో తీస్తున్నాడు. సముద్రం వైపు నుంచి వచ్చే ఎండ వాళ్ల వీపుల మీద పడుతుండటంతో తెర మీద ముఖాలు నల్లగా వస్తున్నాయి. అందరినీ రెండో వైపుకు తిప్పి మళ్లీ మొదలుపెట్టాడు. పక్కనే మేస్త్రీ తన పాత పుస్తకం తెరిచి, దానికి చుట్టిన రబ్బరు బ్యాండును మణికట్టుకు వేసుకుని, అదే హాజరును పెన్నుతో రాసుకుంటున్నాడు. ఫోనులో ఎక్కుతోంది కదా, మళ్లీ ఎందుకని అడిగితే, "అది వాళ్ల లెక్క, ఇది మా లెక్క" అన్నాడు.

విశాఖలో పనుల జోరు పెరిగింది. 2025 జనవరి 8న దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ ఏర్పాటు చేస్తామని ప్రకటించింది. పొరుగు జిల్లాలో భోగాపురం విమానాశ్రయం. వీటి మీద ఆశతో ఎండాడ నుంచి ఆనందపురం దాకా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఒకప్పుడు పెద్ద కాంట్రాక్టు సంస్థలు మాత్రమే కంప్యూటర్లో చూసుకునే సైటు లెక్కలు ఇప్పుడు ఐదంతస్తుల భవనం కట్టే బిల్డరు ఫోనులోకి కూడా వచ్చేశాయి. యాప్ వచ్చాక దొంగ హాజరు పోయిందని బిల్డర్లు అంటారు. చేతికొచ్చే కూలి తగ్గిందని కూలీలు అంటారు. పని రెండింతలైందని సైటు ఇంజినీర్లు అంటారు. ఈ మూడు మాటలూ ఒకే సైటులో, ఒకే యాప్ గురించి నిజం కావచ్చు. అది ఎలాగో తెలియాలంటే ఆ యాప్ లోపల ఏమి జరుగుతుందో చూడాలి.

ఒక యాప్‌లో ఐదు పుస్తకాలు

సైటులో ఎప్పటి నుంచో ఉన్న పుస్తకాలే యాప్‌లోనూ ఉంటాయి. మొదటిది మస్టరు, అంటే హాజరు పట్టిక. రెండోది రోజువారీ పని నివేదిక, సైటులో డీపీఆర్ అంటారు: ఈ రోజు ఎంతమంది ఏ పని ఎంతవరకు చేశారన్నది అందులో ఉంటుంది. మూడోది స్టాకు రిజిస్టరు: సిమెంటు, ఇసుక, కంకర, ఇనుము ఎంత దిగింది, ఎంత వాడారు, ఎంత మిగిలింది. నాలుగోది కొలతల పుస్తకం, అదే ఎం-బుక్. సెంట్రింగు, తాపీ, ప్లంబింగు కాంట్రాక్టర్ల బిల్లులు దీని మీదే తయారవుతాయి. ఐదోది నక్షాల కట్ట. దీని వెనకే గోడ వంకర, టైల్ పగులు, తలుపు పట్టడం లేదు వంటి లోపాల చిట్టా కూడా నడుస్తుంది.

అమెరికాలో ఈ యాప్‌లకు ఊపు వచ్చింది నక్షాల వల్ల. 2010లో ఐప్యాడ్ వచ్చాక, మోపెడు కాగితపు నక్షాలను దానిలో పెట్టుకుంటే చాలన్న ఆలోచనతో ప్లాన్‌గ్రిడ్ వంటి సంస్థలు పుట్టాయి. ప్లాన్‌గ్రిడ్‌ను 2018లో డిజైన్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఆటోడెస్క్ 87.5 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2021లో డ్రిల్లింగ్ యంత్రాల సంస్థ హిల్టీ అలాంటి మరో యాప్ ఫీల్డ్‌వైర్‌ను కొన్నది. మన దగ్గర మాత్రం బిల్డరు యాప్ అమ్మేవారిని మొదట అడిగేది నక్షాల సంగతి కాదు. హాజరు, సిమెంటు బస్తాలు. అందుకే ఈ వ్యాసంలోనూ ఎక్కువ చోటు హాజరుకే.

వాట్సాప్ గ్రూపు ఉండగా ఇంకొకటి ఎందుకు

ఇది న్యాయమైన ప్రశ్నే. ప్రతి సైటుకూ ఒక గ్రూపు ఉంటుంది, ఫొటోలు వస్తూనే ఉంటాయి, ఖర్చు లేదు, నేర్పించాల్సిన పనీ లేదు. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది.

ఫోనుతో తీసిన ఫొటోలో బొమ్మతో పాటు తీసిన సమయం, చోటు కూడా కనబడకుండా దాగి ఉంటాయి. మామూలుగా ఫొటోగా పంపినప్పుడు వాట్సాప్ ఆ వివరాలను తీసేసి, బొమ్మను కుదించి పంపుతుంది. ఆరు నెలల తర్వాత ఫలానా దూలంలో ఇనుము సరిగా కట్టారా లేదా అన్న తగాదా వస్తే, గ్రూపులోని ఫొటో ఏ రోజుదో, ఏ అంతస్తుదో ఫొటోను బట్టి తేలదు.

రెండోది ఇంకా గట్టి ఇబ్బంది. మంగళవారం గ్రూపులో ఒక స్తంభం నక్షా వచ్చింది: 16 మిల్లీమీటర్ల ఊచలు ఎనిమిది. గురువారం డిజైనరు మార్చి పంపాడు: ఎనిమిదీ 20 మిల్లీమీటర్లవి. మధ్యలో పండుగ శుభాకాంక్షలు, లారీ ఫొటోలు, నలభై సందేశాలు. ఇనుము వంచి కట్టే రాడ్ బెండరు ఫోనులో దాచుకున్నది మంగళవారం నక్షా. ఊచ బరువు కట్టడానికి సైటులో అందరికీ తెలిసిన సూత్రం ఉంది: మిల్లీమీటర్లలో ఊచ అడ్డుకొలతను అదే అంకెతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 16 మిల్లీమీటర్లకు 1.58 కిలోలు, 20కి 2.47 కిలోలు. మూడు మీటర్ల స్తంభంలో ఎనిమిది ఊచలకు 38 కిలోలు పడుతుంది, పడాల్సింది 59. అంటే ఉండాల్సిన ఇనుములో 36 శాతం లోపల లేదు. కాంక్రీటు పోశాక అది కంటికి కనబడదు.

మంచి యాప్‌లో కొత్త నక్షా ఎక్కగానే పాతదాని మీద రద్దయిందన్న ముద్ర పడుతుంది, దాన్ని ఎవరెవరు తెరిచి చూశారో నమోదవుతుంది. అయితే రాడ్ బెండరు జేబులో మంగళవారం తీసిన జిరాక్సు ఉంటే యాప్ చేయగలిగింది ఏమీ లేదు.

హాజరు అంటే ఒకటి, అర, ఒకటిన్నర

ఆఫీసులో హాజరంటే వచ్చాడా, రాలేదా. సైటులో అలా కాదు. మేస్త్రీ పుస్తకంలో ఒక్కొక్క పేరు ఎదుట అంకెలు ఉంటాయి: పూర్తి రోజుకు ఒకటి, మధ్యాహ్నం వెళ్లిపోతే అర, శ్లాబు రోజు రాత్రి దాకా ఉంటే ఒకటిన్నర. వారం చివర ఆ అంకెలు కూడితే కూలి వస్తుంది. ఆ పద్ధతిలో ఎంతో సర్దుబాటు ఉంది. వాన పడి మూడు గంటలకే పని ఆగితే పూర్తి రోజు వేయాలా, ముప్పావు వేయాలా అన్నది మేస్త్రీకీ కూలీకీ మధ్య మాట. యాప్‌కు ఆ మాట తెలియదు. దానికి తెలిసింది లోపలికి వచ్చిన సమయం, బయటికి వెళ్లిన సమయం, ఆ రెండింటినీ కూలిగా మార్చే సూత్రం. ఆ సూత్రాన్ని యాప్ పెట్టిన మొదటి రోజు ఆఫీసులో ఎవరో ఒకసారి ఎంచుకుంటారు.

లెక్క వేసి చూద్దాం. ఒక కూలికి 8 గంటల రోజుకు 800 రూపాయలు అనుకుందాం. శ్లాబు రోజు 12 గంటలు పని చేశాడు. మేస్త్రీ లెక్కలో ఒకటిన్నర హాజరు, అంటే 1,200 రూపాయలు. యాప్‌లో గంట లెక్క పెట్టి అదనపు గంటకు మామూలు రేటే ఇచ్చినా 1,200. కానీ 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం అదనపు గంటలకు రెట్టింపు రేటు ఇవ్వాల్సి ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ రోజుకు 8 గంటలు, ఆపై రెట్టింపు అన్న సూత్రం ఉంది. ఆ లెక్కన 800కు తోడు నాలుగు గంటలకు 800, మొత్తం 1,600. తేడా 400 రూపాయలు. తెర మీద ఒక మెనూలో ఏది ఎంచుకున్నారన్న దాన్ని బట్టి ఆ 400 ఎటు పోయిందో తేలిపోతుంది. యాప్ వచ్చాక కూలి తగ్గిందన్న మాట వెనక ఎక్కువగా ఉండేది ఇలాంటి అమరికే: పది నిమిషాలు ఆలస్యమైతే పావు రోజు కోత, మధ్యాహ్న భోజనం గంట తీసివేత. మనిషి కళ్లెదుట కోత పెడితే అడగవచ్చు, యాప్ కోసిందంటే ఎవరిని అడగాలో తెలియదు. నాకు ఇందులో అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

రెండో పక్కను కూడా అంతే సూటిగా చెప్పాలి. పుస్తకంలో పద్నాలుగు మంది, పనిలో పదకొండు మంది ఉండే సైట్లు ఉన్నాయి. ఆ ముగ్గురి కూలి వారానికి, నెలకు కూడితే చిన్న బిల్డరుకు లాభమంతా దానిలోనే పోతుంది. ఇంకా చెప్పాలంటే, లేని ముగ్గురి పని ఉన్న పదకొండు మంది మీదే పడుతుంది. ముఖం ఫొటో పెట్టాక ఇది తగ్గుతుందన్న బిల్డర్ల మాటను కొట్టిపారేయలేం.

పేర్ల చిక్కు ఒకటి ఉత్తరాంధ్రకే సొంతం. సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఇక్కడ అరుదు. ఒకే ముఠాలో ముగ్గురు అప్పలరాజులు ఉంటారు. మేస్త్రీకి వాళ్లు పొట్టి అప్పలరాజు, భీమిలి అప్పలరాజు, గాజువాక అప్పలరాజు. యాప్ మనుషులను ఫోను నంబరుతో గుర్తుపడుతుంది. ఫోను లేనివాళ్లకు మేస్త్రీ తన నంబరే ఇస్తాడు. అప్పుడు ముగ్గురి లెక్కా ఒకే నంబరు కింద చేరుతుంది. కూలి పడిందన్న సందేశం ముగ్గురిలో ఎవరికీ రాదు, మేస్త్రీకి వస్తుంది.

మనిషి ఎక్కడున్నాడో ఫోనుకు ఎలా తెలుస్తుంది

యాప్‌లో సైటు చుట్టూ ఒక గీత గీస్తారు. దీన్ని జియోఫెన్స్ అంటారు. ఆ గీత లోపల ఫోను ఉంటేనే హాజరు పడుతుంది. ఎక్కువ యాప్‌లలో ఆ గీత ఒక వృత్తం. సైటు 120 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. మధ్యలో నుంచి మూలకు దూరం 72 మీటర్లు. 60 మీటర్ల వృత్తం గీస్తే మూల గదిలో ప్లాస్టరింగు చేసేవాడు బయట ఉన్నట్టు లెక్క. వెడల్పు వైపు కంచె మధ్య నుంచి 40 మీటర్లే కాబట్టి, కంచె దాటి రోడ్డు పక్కన టీ తాగుతున్నవాడు లోపల ఉన్నట్టు లెక్క. దీనికి తోడు ఆకాశం స్పష్టంగా కనిపించే చోట కూడా ఫోను జీపీఎస్‌లో సుమారు 5 మీటర్ల తేడా ఉంటుంది. సెల్లారులోకి దిగినా, కొండ కోసిన గోడ పక్కన నిలబడినా ఆ తేడా ఇంకా పెరుగుతుంది. విశాఖలో సెల్లారు లేని అపార్ట్‌మెంటు, కొండ ఆనని లేఅవుటు ఎన్ని?

వేలిముద్ర యంత్రాలు ముందే వచ్చాయి, సైటులో నిలవలేదు. రోజూ సిమెంటు, ఇటుక పట్టుకునే చేతుల్లో వేలి గీతలు అరిగిపోతాయి. అందుకే ముఖం ఫొటోకు మారారు. దానికి ఎండ, దుమ్ము, తలకు కట్టిన తువ్వాలు అడ్డు.

ఫొటో పెడితే మోసం ఆగుతుందా అన్నదానికి ఒక పెద్ద అనుభవం మన దేశంలోనే ఉంది. ఉపాధి హామీ పనుల్లో ఎన్ఎంఎంఎస్ అనే యాప్‌ను 2021లో ప్రవేశపెట్టి, 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో చోటుతో, సమయంతో సహా ఎక్కించాలి. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాస్తూ, సంబంధం లేని ఫొటోలు ఎక్కుతున్నాయని, ఫొటోనే మళ్లీ ఫొటో తీసి పెడుతున్నారని ఎత్తిచూపింది. అదే సమయంలో సిగ్నల్ అందక ఫొటో ఎక్కని కూలీలు పని చేసిన రోజుకు కూలి పోగొట్టుకున్నామని మొత్తుకుంటూనే ఉన్నారు. మోసగించదలచినవాడు దారి వెతుక్కున్నాడు, నిజంగా పని చేసినవాడు ఫోను తెరకు చిక్కక నష్టపోయాడు.

సిగ్నల్ లేని సెల్లారులో లెక్క

సిగ్నల్ లేకున్నా పనిచేస్తుందని ప్రతి యాప్ ప్రకటనలోనూ ఉంటుంది. దాని అర్థం ఇది: వివరాలు ముందు ఫోనులోనే నిలిచి, సిగ్నల్ దొరికాక సర్వరుకు చేరతాయి. ఆ మధ్య వేళలోనే చిక్కు.

ఉదయం 9 గంటలకు సూపర్‌వైజర్ సెల్లారులో 14 మంది హాజరు వేశాడు, సిగ్నల్ లేదు. 9.40కి పైన ఉన్న ఇంజినీరు ఒకరిని పెందుర్తి సైటుకు పంపి, తన ఫోనులో 13 అని నమోదు చేశాడు. అది వెంటనే చేరింది. 11.30కి సూపర్‌వైజర్ పైకి రాగానే అతని 14 కూడా చేరింది. చివరగా చేరిందే నిజమని తీసుకునే యాప్‌లో ఆ రోజు లెక్క 14. నమోదైన సమయం చూసే యాప్‌లో 13. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏది సరైనదో ఒక మనిషిని అడిగి, ఎవరు ఎప్పుడు మార్చారో దాచి ఉంచే యాప్‌లు కొన్ని ఉన్నాయి. ఫోను గడియారాన్నే నమ్మే యాప్‌లో గడియారం వెనక్కి తిప్పితే హాజరు కూడా వెనక్కి పోతుంది. దొంగ చోటు చూపించే యాప్‌లు ఆండ్రాయిడ్ ఫోనుల్లో ఉన్న సంగతి కుర్ర హెల్పర్లకు కూడా తెలుసు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. ఆ వారం కూలి లెక్క తేల్చింది పుస్తకాలే. మేస్త్రీ చేతిలో పుస్తకం ఇంకా ఉన్నందుకు అతన్ని పాతకాలపు మనిషి అనడం నాకు నచ్చదు.

శ్లాబు రోజు యాప్ నిజంగా పనికొచ్చే చోటు

1,200 చదరపు అడుగుల శ్లాబు, 5 అంగుళాల మందం. దూలాలను పక్కన పెడితే 500 ఘనపుటడుగులు, అంటే సుమారు 14.2 ఘనపు మీటర్ల కాంక్రీటు. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం 6 నుంచి 15 ఘనపు మీటర్ల దాకా రెండు నమూనాలు తీయాలి. నమూనాకు మూడు చొప్పున ఆరు క్యూబులు, అంటే అచ్చులో పోసిన కాంక్రీటు దిమ్మలు. వాటిని 28 రోజులు నీళ్లలో ఉంచి ల్యాబులో పగలగొట్టి బలం చూస్తారు. ప్లాంటులో కలిపి లారీలో తెచ్చే రెడీమిక్స్ అయితే ఐఎస్ 4926 ప్రకారం లోడు చేసిన రెండు గంటల్లో దింపేయాలి. ఎన్ఏడీ కూడలిలో ఇరుక్కున్న లారీకి ఆ రెండు గంటలు ఎంత త్వరగా కరిగిపోతాయో ఆ దారిలో వెళ్లినవారికి చెప్పనక్కర్లేదు.

కాగితం మీద లారీ చలానా ఒక ఫైలులో, క్యూబు నంబరు ఒక రిజిస్టరులో, ల్యాబు నివేదిక ఇంకో ఫైలులో ఉంటాయి. 28 రోజుల తర్వాత ఒక క్యూబు బలం తక్కువ వచ్చిందని తెలిసేసరికి పైన ఇంకో శ్లాబు పడి ఉంటుంది. అది ఏ లారీ కాంక్రీటు, ఎక్కడ పోశారు అన్నది వెతకడానికి రోజులు పడుతుంది. యాప్‌లో లారీ నంబరు, దింపిన వేళ, పోసిన చోటు, క్యూబు నంబరు ఒకే గొలుసుగా ఉంటే నిమిషంలో దొరుకుతుంది. ఈ ప్రయోజనం మీద నాకు ఏ సందేహమూ లేదు.

కానీ ఆ గొలుసు కట్టేది సైటు ఇంజినీరే. శ్లాబు మీద ఒక చేత్తో వైబ్రేటరు పని చూస్తూ, ఇంకో చేత్తో, సిమెంటు అంటిన వేలితో, తడి తెర మీద పన్నెండు గడులు నింపాలి. చాలాచోట్ల ఆ నింపుడు రాత్రి ఎనిమిదికి గదికి చేరాక, గుర్తున్నంత మేరకు జరుగుతుంది. యాప్‌లో పన్నెండు గడులూ చక్కగా కనబడతాయి, వాటిలో ఎన్ని అక్కడికక్కడ రాసినవో తెర చెప్పదు.

ఎవరి లెక్క ఎవరి చేతిలో

బిల్డరు తన వాదనలో ఇంకో మాట కూడా చేరుస్తాడు. రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం ప్రకారం ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందో మూడు నెలలకోసారి వెబ్‌సైటులో చెప్పాలి. కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, పని జరిగిన మేరకే, ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాక తీసుకోవాలి. రోజువారీ లెక్క ఉంటే ఆ ధ్రువీకరణకు ఆధారం ఉంటుంది. ఇది కొనుగోలుదారుకూ మేలే. తగాదా కోర్టుకు వెళితే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. యాప్‌లో ఉంది కాబట్టి చెల్లిపోదు, మార్పులేమీ జరగలేదని చూపించగలగాలి.

కూలీ పక్షాన ఉన్న ప్రశ్నలు వేరు. తన ముఖం ఫొటో ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉంటుంది? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలు కావడానికి 18 నెలల గడువు ఉంది. సమ్మతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు ఉండాలని చట్టం చెబుతుంది. తెలుగు, ఒడియా రెండూ అందులో ఉన్నాయి. ఒడిశా నుంచి వచ్చిన కూలీలు ఉన్న సైట్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే ఉద్యోగ అవసరాలకు సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వెసులుబాటు కూడా అదే చట్టం 7వ సెక్షన్‌లో ఉంది. మేస్త్రీ ముఠాలో రోజుకూలికి వచ్చినవాడు ఆ అర్థంలో బిల్డరుకు ఉద్యోగి అవుతాడా అన్న చోట బిల్డర్లూ కార్మిక సంఘాలూ చెరొక వైపు లాగుతారు.

అన్నిటికీ మించి, తన హాజరు ఎంత పడిందో కూలీకి కనబడుతుందా? మేస్త్రీ పుస్తకాన్ని శనివారం సాయంత్రం చదివి వినిపించమనవచ్చు. చాలా యాప్‌లలో సూపర్‌వైజర్‌కు ఒక తెర, ఇంజినీరుకు ఒకటి, యజమానికి ఒకటి ఉంటాయి. కూలీకి ఉండదు. ఆ తెర ఇచ్చి, తప్పు పడితే సరిచేయమని అడిగే మీట పెట్టిన యాప్‌ల విషయంలో కూలి తగ్గిందన్న ఫిర్యాదుకు ఒక దారి దొరుకుతుంది.

97 రోజులు పనిచేసినా 90 కాని లెక్క

నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే 18 నుంచి 60 ఏళ్ల వయసు, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని ఉండాలి. దానికి డబ్బు వచ్చేది నిర్మాణ ఖర్చులో 1 శాతంగా వసూలు చేసే సెస్సు నుంచి. ఆ 90 రోజులకు రుజువు దొరకడమే ఇన్నాళ్లూ కష్టం. హాజరు ఫోనులోకి ఎక్కడం కూలీకి నేరుగా మేలు చేయగలిగిన చోటు ఇదే.

భీమిలి అప్పలరాజు ఎండాడలో ఒక సైటులో 40 రోజులు, గాజువాకలో ఇంకోదానిలో 32, ఆనందపురంలో మూడోదానిలో 25 రోజులు చేశాడనుకుందాం. మొత్తం 97. మూడు సైట్లలోనూ ముఖం ఫొటో తీశారు, చోటు, సమయం నమోదయ్యాయి. కానీ మూడూ ముగ్గురు బిల్డర్లు కొనుక్కున్న మూడు వేర్వేరు యాప్‌లు. ఒకదాని లెక్క మరొకదానికి తెలియదు. మొదటి సైటులో పని అయిపోయిన రోజే అతని పేరు జాబితాలోంచి తీసేశారు. ఏ ఒక్క యాప్‌ను అడిగినా 90 రోజులు రావు. మేస్త్రీ మూడు చోట్లకూ అతని వెంటే వెళ్లాడు కాబట్టి, 97 రోజులూ వరుసగా ఉన్నది రబ్బరు బ్యాండు చుట్టిన పుస్తకంలోనే.